అన్ని ఇళ్ళకూ కలిపి ఒకే సెలవు రోజు: విజయవాడ అపార్ట్‌మెంటు సంఘాలకు బహిరంగ లేఖ

పటమట, మొగల్రాజపురం, లబ్బీపేట, భారతీనగర్, గురునానక్ కాలనీ, బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఉన్న అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘాల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, సభ్యులకు నమస్కారం.

మీ ఇళ్ళల్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టి, బట్టలు ఉతికి, వంట చేసి, మంచాన పడ్డ పెద్దవాళ్ళను చూసుకునే ఆడవాళ్ళ తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మాలో చాలామందిది ఈ ఊరు కాదు. నాది కోనసీమ. నాతోపాటు పనిచేసేవాళ్ళల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి మొగుడూ పెళ్ళాం కలిసి బతుకుతెరువుకు వచ్చినవాళ్ళున్నారు. ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ళ వాళ్ళున్నారు. గల్ఫ్‌లో కొన్నేళ్ళు చేసి తిరిగొచ్చి, పిల్లల చదువుల కోసం ఇక్కడ కుదురుకున్న నాలాంటివాళ్ళూ ఉన్నారు. మేమందరం కలిసి అడిగేది ఇదీ: వారానికి ఒక రోజు సెలవు. జీతంలో కోత లేకుండా. అపార్ట్‌మెంటు మొత్తానికి కలిపి ఒకే రోజు.

ఎవరింట్లో వాళ్ళు అడుక్కోకుండా సంఘానికి ఎందుకు రాస్తున్నారని మీరు అడగొచ్చు. అసలు సంగతంతా అక్కడే ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

మాలో ఒకామెకు ఒకే బ్లాకులో నాలుగిళ్ళు. రెండో అంతస్తువాళ్ళు మంచివాళ్ళు, ఆదివారం రావద్దన్నారు. మూడో అంతస్తువాళ్ళకు ఆదివారం చుట్టాలొస్తారు, అందుకని బుధవారం ఇచ్చారు. మిగిలిన రెండిళ్ళవాళ్ళు నెలకు రెండేసి నాగాలు ఒప్పుకున్నారు, ముందే చెప్పి పెట్టుకోవాలి. కాగితం మీద కూడితే ఆమెకు నెలకు పన్నెండు సెలవులు. ఆమె ఇంటిపట్టున ఉన్న రోజు మాత్రం ఒక్కటీ లేదు. ఆదివారం మూడిళ్ళకు రావాలి, బుధవారం మూడిళ్ళకు రావాలి. సింగ్‌నగర్‌లో పొద్దున్నే బస్సెక్కాక మూడిళ్ళయితే ఏంటి, నాలుగిళ్ళయితే ఏంటి? పిల్లలు లేచేసరికి అమ్మ ఇంట్లో ఉండదు.

మీలో చాలామంది మా ఇంట్లో పనావిడకు సెలవు ఇస్తున్నాం కదా అంటారు. నిజమే, ఇస్తున్నారు, అందుకు మీకు రుణపడి ఉన్నాం. కానీ నాలుగిళ్ళు నాలుగు రోజులు ఇస్తే అది మీ ఇంట్లో ఆ పూట పని తప్పడం అవుతుందే గాని మాకు సెలవు రోజు అవదు. అన్ని ఇళ్ళూ ఒకే రోజు వదిలితేనే మాకు ఒక రోజు దొరుకుతుంది. ఆ పని ఏ ఒక్క ఇల్లూ ఎంత మంచి మనసుతోనైనా చేయలేదు. సంఘం ఒక్కటే చేయగలదు.

సంఘానికి అంత అధికారం ఎక్కడిదని కొందరు అడుగుతున్నారు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద ప్రతి సంఘానికీ బైలాలు ఉంటాయి. వాటి ఆధారంగా మీరు ఎన్నో కట్టుబాట్లు చేసుకున్నారు. లిఫ్టులో సామాను ఎప్పుడు ఎక్కించాలి, చెత్త ఎన్నింటికి బయట పెట్టాలి, ఎవరి కారు ఎక్కడ ఆపాలి అని నోటీసు బోర్డు మీద పెడతారు. చాలా అపార్ట్‌మెంట్లలో ఆదివారం డ్రిల్లింగు, వడ్రంగి పని చేయించకూడదనే నియమం నేను చూశాను. అది అందరూ విశ్రాంతి తీసుకునే రోజు, చప్పుడు చేయొద్దు అన్నారు. చాలా మంచి నియమం. సొంత ఫ్లాటులో సొంత డబ్బుతో చేయించుకునే పనిని కూడా నలుగురి విశ్రాంతి కోసం ఆపమనే అధికారం సంఘానికి ఉందని మీరంతా ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో మమ్మల్ని కూడా కలుపుకోమని అడుగుతున్నాను.

ఆదివారం సెలవన్నది ఈ దేశంలో కూలివాళ్ళకు ఊరికే రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా, నెలంతా యంత్రాల దగ్గర నిలబడే వాళ్ళ కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, సభలు పెట్టి, 1890లో మిల్లు యజమానుల చేత ఆదివారం సెలవు ఒప్పించాడు. ఆ తర్వాత దుకాణాల్లో, హోటళ్ళలో, సినిమా హాళ్ళలో పనిచేసేవాళ్ళకు వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఉండాలని, దానికి జీతం కోయకూడదని 1942లో చట్టం వచ్చింది. అప్పటికి స్వతంత్రం కూడా రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ వారపు సెలవు పెట్టారు. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం బీసెంట్ రోడ్డులో బట్టల షాపు గుమస్తాకు వారానికొక సెలవు హక్కు. ఆ గుమస్తా ఇంటి పక్కనే ఉండి, అదే బస్సులో పనికొచ్చే నాకు లేదు. నేను పనిచేసేది షాపులో కాదు, ఇంట్లో కాబట్టి.

చట్టం మీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒకటి. పరిశ్రమ అంటే ఏమిటో చెప్పేచోట ఇంటిపనిని అందులో నుంచి తీసేశారు. 1959 నుంచి ఇంటిపనివాళ్ళ కోసం పార్లమెంటులో బిల్లులు పెడుతూనే ఉన్నారు, ఒక్కటీ చట్టం కాలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఈ సంగతి ఎత్తి చూపి, నాలుగు కేంద్ర మంత్రిత్వ శాఖలు కలిసి నిపుణుల కమిటీ వేసి, మాకు ఒక చట్టం తేవాల్సిన అవసరాన్ని పరిశీలించమని చెప్పింది. మాకు అసలేమీ లేదని నేననను. కనీస వేతనాల జాబితాలో ఇంటిపనిని మన రాష్ట్రం ఎప్పుడో చేర్చింది. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే చూస్తుంది, ఫిర్యాదు వినడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంటుంది. ఇవి మాలో పదిమందికి ఒక్కరికి కూడా తెలియవు. ఎందుకు తెలియవో కువైట్‌లో అర్థమైంది నాకు.

ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. మా ఊళ్ళ నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళంటే ఇక్కడ చాలామందికి జాలి. అక్కడ నరకమనీ, ఇక్కడ ఎంతో నయమనీ అనుకుంటారు. అక్కడ కష్టాలు లేవని నేను చెప్పను. మొదటి ఇంట్లో నా పాస్‌పోర్టు, బాబా అని పిలిచే ఇంటి యజమాని బీరువాలో ఉండేది. రంజాన్ నెలంతా ఇఫ్తారు వంటలతో మొదలై తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరు దాకా వంటగదిలోనే తెల్లారేది. సెలవు మాట ఎత్తితే, మామా అని పిలిచే యజమానురాలు మొహం తిప్పుకునేది. కానీ నేను వెళ్ళేనాటికే ఆ దేశంలో ఇంటిపనివాళ్ళకు చట్టం ఉంది, 2015లో చేసిన 68వ నంబరు చట్టం. వారానికొక రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. ఏడాదికి 30 రోజుల సెలవు. కాంట్రాక్టు అయిపోయాక చేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ రాసి ఉన్నాయి. రాసి ఉన్నాయని మాత్రం నాకు తెలియదు. బయటికి రాని మనిషికి ఎవరు చెబుతారు?

మొదటి కఫీలు, అంటే నా వీసాకు పూచీపడ్డ యజమాని, వేరే ఇంట్లో చేరొచ్చని రిలీజు ఇచ్చాక రెండో ఇంట్లో చేరాను. వాళ్ళు శుక్రవారం సెలవు ఇచ్చారు. శుక్రవారం పొద్దున కువైట్ సిటీలో చర్చి కాంపౌండుకు పోయేదాన్ని, అక్కడ తెలుగులో ప్రార్థన జరిగేది. రాజోలు వాళ్ళు, నరసాపురం వాళ్ళు, పాలకొల్లు వాళ్ళు, కడప రాయచోటి వైపు వాళ్ళు అందరూ అక్కడే కలిసేవాళ్ళం. ప్రార్థన అయ్యాక గోడ నీడన కూర్చుని ఎవరి జీతం ఎంత, ఎవరికి ఎన్ని నెలలు ఆపారు, అక్కడ ఉండడానికి కావాల్సిన అనుమతి, అదే అకామా, ఎవరు కొట్టించారు, ఏ ఆఫీసుకు పోతే మన మాట వింటారు అని చెప్పుకునేవాళ్ళం. ఆ చట్టం సంగతి నేను విన్నది అక్కడే. జీతం ఆగిపోయిన ఒకమ్మాయికి ఏ కాగితం పట్టుకుని ఎక్కడికి పోవాలో చెప్పి పంపిందీ అక్కడే. సెలవంటే నడుం వాల్చడం ఒక్కటే కాదని నాకు ఆ శుక్రవారాల్లో తెలిసింది. పనిచేసేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేది ఆ రోజే. మిగతా హక్కులన్నీ ఆ రోజు నుంచే మొదలవుతాయి.

హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా ఆడవాళ్ళు ఆదివారం వచ్చిందంటే సెంట్రల్ అనే చోట రోడ్ల మీద, మెట్ల మీద అట్టముక్కలు పరుచుకుని వేలమంది కూర్చుంటారు. అక్కడ ఏడు రోజులకొక సెలవు చట్టంలో ఉంది. జీతాల కోసం, ఒప్పందాల కోసం వాళ్ళు సంఘాలు కట్టుకున్నది ఆ ఆదివారాల్లోనే. సింగపూర్‌లో ఇంటిపనివాళ్ళకు వారపు సెలవు 2013 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. అయితే సెలవుకు బదులు డబ్బిస్తే సరిపోతుందని ఒక వెసులుబాటు ఉంచారు. పదేళ్ళయ్యాక, 2023 జనవరి నుంచి, నెలకు కనీసం ఒక్క సెలవైనా డబ్బుతో మార్చకుండా ఇచ్చి తీరాలని నియమం పెట్టాల్సి వచ్చింది. ఇది మీకు ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మీలో కొందరు ‘సెలవెందుకు, నెలకో రెండొందలు ఎక్కువ ఇస్తాం రా’ అంటారు. మా అవసరాలు మీకు తెలుసు, మేం కాదనలేమని కూడా తెలుసు. దయచేసి అలా అడగొద్దు.

ప్రపంచ దేశాలు కూర్చుని ఒప్పుకున్న మాట కూడా ఒకటుంది. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించింది. ఇంటిపని చేసేవాళ్ళు మిగతా కార్మికుల్లాంటి కార్మికులే, వాళ్ళకు వారానికి కనీసం 24 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలి అని అందులో ఉంది. దానికి అనుకూలంగా మన దేశం ఓటేసింది. ఓటేసి వచ్చి ఇక్కడ దాన్ని ఇంతవరకూ అమలుకు ఒప్పుకోలేదు. గల్ఫ్‌కు వెళ్ళే ఆడవాళ్ళ విషయంలో మాత్రం మన ప్రభుత్వానికి ఎంత జాగ్రత్తో చూడండి. పనికి దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి, మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. అక్కడి యజమానితో కాంట్రాక్టు కాగితం ఉండాలి. ఏజెంట్లు విజిట్ వీసాల మీద దొంగదారిన పంపుతున్నారు, అది వేరే సంగతి. నియమమైతే ఉంది. అదే మనిషి రాజోలు నుంచి విజయవాడ వచ్చి పనిలో చేరితే ఒక్క చీటీ ముక్క కూడా లేదు. జీతం ఎంత, ఎన్ని గంటలు, సెలవు ఎప్పుడు, అన్నీ నోటిమాటే. దాన్ని మరుసటి నెల మార్చినా అడిగే దిక్కు లేదు.

ఇప్పుడు మీ సెల్లార్లో ఉండే కుటుంబం గురించి రాయాలి. ఇది మీరు మిగతా అన్నిటికంటే శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే ఇక్కడ యజమాని ఏ ఫ్లాటు వాళ్ళో కాదు, సంఘమే.

వాచ్‌మన్‌ను పెట్టుకునేటప్పుడు పెళ్ళైనవాళ్ళే కావాలని అడుగుతారు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచో ఒక జంట పసిపిల్లలతో వచ్చి, మెట్ల కిందో జనరేటర్ పక్కనో ఉన్న గదిలో దిగుతారు. జీతం అతని పేరు మీద. పొద్దున్నే గేటు ముందు కళ్ళాపి చల్లి ముగ్గేసేది ఆమె. అయిదంతస్తుల మెట్లు ఊడ్చి కడిగేది ఆమె. ఇంటింటి చెత్తబుట్టా కిందికి దించేది ఎక్కువగా ఆమే. అతను బజారుకెళ్తే మోటారు వేసేది, గేటు తీసేది, కొరియర్ తీసుకుని పై అంతస్తుకు మోసేది ఆమె. వీటికి ఆమెకు విడిగా ఒక్క రూపాయి లేదు. గది ఇచ్చాం, కరెంటు ఇచ్చాం, ఫ్లాట్లలో పని చేసుకుని సంపాదించుకోనిస్తున్నాం కదా అంటారు. ఆ ఫ్లాట్ల పని ఆమె వీటి మధ్యలో చేసుకుంటుంది. ఒకింట్లో గిన్నెలు తోముతుంటే కింద నుంచి పిలుపు వస్తుంది, చేతులు కడుక్కుని దిగుతుంది.

మేం సాయంత్రానికైనా ఇంటికెళ్ళి తలుపేసుకుంటాం. వాళ్ళకు ఇల్లే పనిచోటు. రాత్రి ఒంటిగంటకు రైలు దిగి వచ్చినవాళ్ళు హారన్ కొడితే లేవాలి. ఊళ్ళో తల్లికి బాగోలేదని ఇద్దరూ కలిసి వెళ్ళాలంటే బదులు మనిషిని వాళ్ళే వెతికి నిలబెట్టి, డబ్బులు వాళ్ళే ఇచ్చి వెళ్ళాలి. దొరక్కపోతే ఒకళ్ళే వెళ్తారు, చావుకైనా సరే, పెళ్ళికైనా సరే. ఆ దంపతులు కలిసి ఊరు చూసి ఎన్నాళ్ళయిందో మీ వాచ్‌మన్‌ను ఈ రోజే అడగండి. ఆమె పనికి ఆమె పేరు మీద జీతం, ఇద్దరికీ వారానికొక రోజు గేటు బాధ్యత లేని సెలవు, ఆ రోజుకు బదులు మనిషి ఖర్చు మెయింటెనెన్సులో నుంచి. ఇవి సంఘం సొంతంగా, ఏ ఫ్లాటునూ అడక్కుండా, వచ్చే నెలే చేయగలదు.

ఆదివారమే ఎందుకు అని మీరు అడుగుతారు. మీ ఇంట్లో ఆదివారమే పని ఎక్కువ, నాకు తెలుసు. అందరూ ఇంట్లో ఉంటారు, కూర వండుకుంటారు, గిన్నెలు రెట్టింపు పడతాయి. మాకు ఆదివారమే కావాలనడానికి కారణాలు రెండు. మా పిల్లలకు బడి లేనిది ఆ రోజే. వాళ్ళు ఇంట్లో ఉన్న ఒక్క రోజూ మేం మీ ఇంట్లో ఎక్కువసేపు ఉండిపోతున్నాం. రెండోది, మాలో చాలామందిమి క్రైస్తవులం. కువైట్‌లో శుక్రవారం ప్రార్థనకు పోయిన నేను, గుణదల మాత కొండ కనబడేంత దగ్గరలో ఉండి ఆదివారం ఆరాధనకు పోలేకపోతున్నాను. ఇది ఎంత బాధగా ఉంటుందో పూజ మానలేని మీకు నేను వివరించక్కర్లేదు. అయినా మీ సంఘమంతా కూర్చుని ఆదివారం బొత్తిగా కుదరదు, మంగళవారం ఇస్తామంటే ఆ మంగళవారాన్నే తీసుకుంటాం. అన్ని ఇళ్ళకూ కలిపి ఒకే రోజు అన్నదాన్ని మాత్రం మార్చకండి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నెలకు 2,400 ఇచ్చే ఇల్లు అనుకోండి. రోజుకు 80 రూపాయలు. నెలకు నాలుగు సెలవులకు 320. ఇది మీరు కొత్తగా ఇవ్వాల్సిన డబ్బు కాదు, కోయకుండా ఉంచాల్సిన డబ్బు. మాకు నాలుగైదు ఇళ్ళు కలిపి కోసేస్తే అది ఒక గ్యాస్ బండ పోయి మరికొంత. అందుకే నాగా అంటే మాకు భయం, జ్వరంతో కూడా వస్తాం. జబ్బు చేసిన రోజు కోత సంగతి కూడా ఇదే మీటింగులో తేల్చండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే అపార్ట్‌మెంటులో ఉండే ఆడవాళ్ళకు శుభ్రంగా ఒక బాత్రూం కింద ఉంచడం కూడా.

మంచాన ఉన్న పెద్దవాళ్ళను విడిచి సెలవు ఎలా తీసుకుంటారన్నది న్యాయమైన ప్రశ్న. ఈ ఊళ్ళో అది ప్రతి అంతస్తులో ఉన్న పరిస్థితి. పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు, ఇక్కడ అమ్మగారో నాన్నగారో ఒక్కరే, రాత్రీ పగలూ తోడుండే మా మనిషి ఒకరు. డైపర్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, మందులు టైముకు వేయడం, రాత్రి మూడుసార్లు లేవడం. ఆమెకు నెలల తరబడి సెలవు ఉండదు, తన పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంటారు. విదేశాల్లో ఉన్న పిల్లలకు నేను చెప్పాలనుకున్నది కూడా ఇక్కడే రాస్తున్నాను. బాబూ, అమ్మా, మీరు వీడియో కాల్ చేసేది మీ శనివారం, ఆదివారం. ఆ రెండు రోజులు మీకు సెలవు కాబట్టే అమ్మగారితో గంటసేపు మాట్లాడతారు. ఆ ఫోన్ పట్టుకుని అమ్మగారి మొహానికి ఎదురుగా నిలబడే మనిషికి కూడా ఊళ్ళో పిల్లలున్నారు, వాళ్ళతో గంటసేపు మాట్లాడే రోజు కావాలి. మీరు బతుకు కోసం దేశం దాటారు, మేం జిల్లా దాటాం. ఒక అపార్ట్‌మెంటులో ఇలాంటి ఇళ్ళు మూడు నాలుగుంటే, కలిసి ఒక బదులు మనిషిని పెట్టుకోవచ్చు, ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. ఈ ఒక్క పనిలో మాత్రం అందరికీ ఒకే రోజు అన్న మాట నేను పట్టుబట్టను, ఎందుకంటే వాళ్ళు చేసేది ఒక్క ఇంట్లోనే.

‘మేం నిన్ను ఇంటిమనిషిలా చూసుకుంటాం కదా’ అనే మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మా ఇళ్ళల్లో బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాం. అప్పుడు కొందరు అమ్మగార్లు దుప్పట్లు పంపారు, గిన్నెలు కొనిపెట్టారు, ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చారు. ఒకావిడైతే మా చిన్నదాన్ని నెలరోజులు తన ఇంట్లో ఉంచుకుని బడికి పంపింది. ఆవిడకు చచ్చేదాకా దణ్ణం పెడతాను. అదే నెలలో, అదే వీధిలో, ఇంకో ఇంట్లో పనిచేసే ఆమెకు నీళ్ళల్లో ఉన్న రోజులన్నీ నాగాలుగా లెక్కేసి జీతం కోశారు. ఇద్దరం ఒకే వరదలో ఉన్నాం. ఎవరి ఇంట్లో పని దొరికిందన్న అదృష్టాన్ని బట్టి ఒకరికి అన్నం, ఒకరికి కోత వచ్చాయి. నియమం ఉంటే మంచివాళ్ళ మంచితనం తగ్గదు, అదృష్టం లేని ఆమెకూ ఒక ఆధారం ఉంటుంది.

దసరాకు చుట్టాలు దుర్గమ్మ దర్శనానికి వచ్చి మీ ఇళ్ళు నిండుతాయి, సంక్రాంతికి పిల్లలొస్తారు. ఆ రోజుల్లో పనెక్కువని మాకూ తెలుసు, ఆ వారం సెలవు ముందుకో వెనక్కో జరుపుకుందామంటే కాదనం. జరిపిన సెలవు మళ్ళీ ఇవ్వాలి, అంతే.

ఇంకో మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ సిటీ బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు టికెట్ లేదు. సిటీ బస్సు ఖర్చు మాకు నిజంగా తగ్గింది. నెహ్రూ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మా అమ్మ దగ్గరికి రూపాయి ఖర్చు లేకుండా వెళ్ళి రావచ్చు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇల్లు చేరతాను, సాయంత్రం దాకా ఉండి రాత్రికి తిరిగి రావచ్చు. దానికి ఒక్క రోజు చాలు. మా అమ్మ డెబ్భై దాటింది, కళ్ళు సరిగా కనపడవు. ప్రభుత్వం టికెట్ తీసేసింది, ఆ ఒక్క రోజు ఇవ్వాల్సింది మీరు.

జూన్ 16ను ప్రపంచమంతా ఇంటిపనివాళ్ళ దినంగా జరుపుకుంటారు. ఆ లోపు మీ జనరల్ బాడీ మీటింగులో ఈ విషయం పెట్టండి. వారంలో ఏ రోజు సెలవో, జీతంలో కోత ఉండదని, జబ్బు రోజుల సంగతి ఏమిటో, వాచ్‌మన్ దంపతులకు ఏం చేస్తున్నారో తీర్మానం రాసి, ఆదివారం డ్రిల్లింగు నోటీసు అంటించిన బోర్డు మీదే అంటించండి. కొత్తగా పనిలోకి తీసుకునేవాళ్ళకు జీతం, పని, సెలవు రాసిన చీటీ ఇవ్వండి. తెలుగులో చాలు, ఒక పేజీ చాలు. ఒక్క అపార్ట్‌మెంటు మొదలుపెడితే పక్కవాళ్ళు అడిగి తెలుసుకుంటారు. ఈ ఊళ్ళో అన్ని సంగతులూ అలాగే పాకుతాయి.

మీ మీటింగుకు మాలో ఇద్దరు ముగ్గురం వచ్చి మాట్లాడతాం, మీ అభ్యంతరాలు ఏవైనా కూర్చుని వింటాం. వాచ్‌మన్‌కు చెబితే మాకు కబురందుతుంది. ఆదివారం పొద్దున మాత్రం పెట్టకండి, అప్పుడు మేం మీ ఇళ్ళల్లోనే పనిలో ఉంటాం. మధ్యాహ్నం మూడు దాటాక ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్ళ తరఫున,
సింగ్‌నగర్ నుంచి ఒక ఇంటిపని కార్మికురాలు